దుబాయ్ నుంచి హెడ్‌లైట్ చెప్పే ముందు

హన్మకొండలో మెకానిక్ "సార్, ఈ ఐటమ్ ఇక్కడ లేదు, హైదరాబాద్‌ల కూడ దొరకతలేదంట" అనగానే బండి ఓనర్ చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చుట్టాల్లో ఎవరో ఒకరు దుబాయ్‌లోనో షార్జాలోనో ఉంటారు. వరంగల్ వైపైతే అమెరికాలో కొడుకో అల్లుడో ఉంటాడు. "బావా, వచ్చేటప్పుడు ఒక హెడ్‌లైట్ పట్టుకరా" అని వాట్సాప్‌లో మెసేజ్, దాని కింద కారు ఫొటో. బేరం అక్కడే చెడుతుంది. ఆ ఫొటో చూసి అక్కడి షాపువాడు ఇచ్చేది ఆ పేరున్న కారుకు ఆ దేశంలో సరిపోయే పార్ట్. మీ ఇంటి ముందున్న కారుకు అది సరిపోతుందో లేదో వాడికి తెలియదు, ఫొటో చెప్పదు.

బయటి దేశాల నుంచి పార్ట్స్ తెప్పించుకోవడం తప్పు పని కాదు. కొన్ని బండ్లకు అది తప్ప దారి లేదు కూడా. అయితే ధర చూసుకోవడం ఈ పనిలో ఆఖరి మెట్టు. మొదట చూడాల్సింది మీ ఛాసిస్ నంబర్‌కు కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబర్.

స్టీరింగ్ ఎటువైపు

గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు. పార్ట్ కొనేటప్పుడు గుర్తుంచుకునేవాళ్లే తక్కువ.

హెడ్‌లైట్ డిమ్‌లో పెట్టినప్పుడు వెలుగు రెండువైపులా సమానంగా పడదు. రోడ్డు అంచు వైపు కొంచెం పైకి లేచి, ఎదురు బండ్లు వచ్చే వైపు కిందికి దిగి ఉంటుంది. మన బండ్లలో లేచే వైపు ఎడమ. గల్ఫ్ హెడ్‌లైట్‌లో అది కుడి. అంటే అక్కడి లైటు తెచ్చి ఇక్కడ బిగిస్తే డిమ్ కొట్టినా వెలుగు ఎదురుగా వచ్చేవాడి కళ్లలోకే కొడుతుంది. ములుగు రోడ్డులాంటి చోట రాత్రిపూట దీని ఫలితం ఏమిటో చెప్పనక్కర్లేదు. స్క్రూ తిప్పి అలైన్‌మెంట్ చేయించినా ఇది పోదు. మొత్తం వెలుగు కిందికి దిగుతుందే తప్ప దాని ఆకారం మారదు.

గ్లాసు చూసి పట్టుకునే గుర్తు ఒకటుంది. యూరప్ పద్ధతి హెడ్‌లైట్ల మీద వృత్తంలో ఇంగ్లీషు ఇ అక్షరం, పక్కన అంకె ముద్రించి ఉంటాయి. ఆ ముద్రల దగ్గరే చిన్న బాణం గుర్తు కోసం వెతకండి. లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే బాణం మీ కుడి చేతి వైపు చూపిస్తుంటే అది మనలా ఎడమ పక్కన నడిచే దేశాలది. రెండువైపులా బాణం ఉంటే రెండింటికీ పనికొస్తుంది. బాణమే లేకపోతే కుడి పక్కన నడిచే దేశాలది, మనకు వద్దు. అమెరికా లైట్లకు ఈ ముద్రలే వేరు, వాటి జోలికి పోకపోవడమే మేలు. షాపులో నిలబడ్డ మీ బావకు ఈ ఒక్క మాట చెప్తే చాలు, గ్లాసు దగ్గరి ఫొటో తీసి పంపిస్తాడు.

హెడ్‌లైట్ ఒక్కటే కాదు. స్టీరింగ్ రాక్, బ్రేక్ బూస్టర్, మాస్టర్ సిలిండర్, వైపర్ లింకేజ్, వైపర్ బ్లేడ్ల జోడీ, డాష్‌బోర్డు, ఏసీ పైపులు, వైరింగ్, సైడ్ మిర్రర్లు, ఫ్లోర్ మ్యాట్లు అన్నీ స్టీరింగ్ వైపును బట్టి మారేవే. బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, ఫిల్టర్లు, వీల్ బేరింగులు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ సెట్, టైమింగ్ బెల్టు, లింక్ రాడ్లు, బుష్‌లు సాధారణంగా మారవు. గల్ఫ్ నుంచి తెప్పిస్తే ఈ రెండో జాబితాలోవే తెప్పించాలి. మొదటి జాబితాలోవి కావాలంటే మనలా కుడి స్టీరింగ్ ఉన్న థాయ్‌లాండ్, జపాన్, ఇండోనేషియా, మలేషియా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, బ్రిటన్ వైపు చూడాలి.

ఎడమ, కుడి అనే మాటల్లోనే ఇంకో చిక్కుంది. అమెరికా సైటులో "డ్రైవర్ సైడ్" అంటే ఎడమ. మన డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. బ్రిటన్‌వాళ్లు "ఆఫ్‌సైడ్" అంటే కుడి, "నియర్‌సైడ్" అంటే ఎడమ. ఆర్డర్‌లో ఈ మాటలేవీ వాడొద్దు. కారులో ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు మన ఎడమ ఎల్‌హెచ్, మన కుడి ఆర్‌హెచ్. సెల్లర్‌కు ఈ రెండే రాయండి, పార్ట్ నంబర్‌తో కలిపి రాయండి. చాలా కంపెనీలకు ఎడమ పార్ట్‌కు, కుడి పార్ట్‌కు వేర్వేరు నంబర్లుంటాయి కాబట్టి నంబర్ సరిగా ఉంటే మాట తప్పినా పార్ట్ తప్పదు.

నంబర్ పట్టుకోవడం

ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. ఆర్‌సీలో ఉంటుంది, బండి మీదా కొట్టి ఉంటుంది. ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఇందులో వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీత ఒకటి. ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మొదటి మూడు అక్షరాలు ఎవరు, ఎక్కడ తయారుచేశారో చెప్తాయి: ఎంఏ3 మారుతి, ఎంఏఎల్ మన దేశపు హ్యుందాయ్, ఎంబీజే మన దేశపు టయోటా, ఎంఏకే హోండా.

నంబర్ రాబట్టడానికి సులువైన చోటు షోరూం పార్ట్స్ కౌంటర్. ఛాసిస్ నంబర్ ఇచ్చి ఎస్టిమేట్ అడగండి. అందులో ప్రతి ఐటమ్ పక్కన పార్ట్ నంబర్ వస్తుంది. వాళ్లు నంబర్ లేకుండా పేర్లు మాత్రమే ప్రింట్ ఇస్తే నంబర్ ఉన్న కాపీ కావాలని అడిగి తీసుకోవాలి. షోరూమే మూతపడ్డ కంపెనీలైతే ఛాసిస్ నంబర్‌తో వెతికే ఆన్‌లైన్ కేటలాగులు ఉన్నాయి. పార్ట్‌సూక్, అమయామా లాంటి సైట్లలో బొమ్మలతో సహా చూడొచ్చు. అయితే జపాన్ మార్కెట్ కేటలాగ్‌లో మన ఛాసిస్ నంబర్ కొడితే ఏమీ రాకపోవచ్చు. అలాంటప్పుడు ప్రాంతం దగ్గర ఇండియా లేదా జనరల్ అని మార్చి, మోడల్ కోడ్, తయారైన నెల ఇచ్చి చూడాలి.

టయోటా నంబర్లో మొదటి ఐదంకెలు వస్తువేమిటో చెప్తాయి, తర్వాతి ఐదు ఏ బండికో చెప్తాయి. 04465తో మొదలైతే ముందు బ్రేక్ ప్యాడ్లు, 04466 అయితే వెనకవి. హ్యుందాయ్‌లో ముందు ప్యాడ్లకు 58101. హోండాలో నంబర్ ఐదు, మూడు, మూడుగా విడిపోయి ఉంటుంది, మధ్య మూడు అక్షరాలు మోడల్‌వి. ఇంత తెలిస్తే సెల్లర్ పంపిన నంబర్ కనీసం ఆ జాతి వస్తువుదేనా అన్నది మీరే చూసుకోవచ్చు. పాత పార్ట్ మీద పోతపోసి ఉన్న నంబర్‌ను మాత్రం నమ్మొద్దు. అది చాలాసార్లు అచ్చు నంబర్. ఒకే అచ్చులో పోసిన పార్ట్‌కు ఒక బండిలో ఒక రంధ్రం, ఇంకో బండిలో రెండు రంధ్రాలు వేస్తారు, నంబర్ మాత్రం అదే కనిపిస్తుంది.

నంబర్ దొరికాక ఇంకో పని మిగులుతుంది. కంపెనీలు పాత నంబర్‌ను తీసేసి కొత్తది పెడుతుంటాయి. మీ దగ్గరున్నది పాతదైతే సైటు "స్టాక్ లేదు" అంటుంది. కొత్త నంబర్‌తో వెతికితే అదే వస్తువు ఉంటుంది. ఇక్కడ దొరకదన్న పార్ట్స్‌లో కొన్ని నిజానికి ఈ లెక్కలోవే. కాబట్టి బయటికి ఆర్డర్ పెట్టేముందు కొత్త నంబర్ పట్టుకుని మళ్లీ ఒకసారి హైదరాబాద్ రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో, బూడ్‌మో లాంటి మన ఆన్‌లైన్ షాపుల్లో అడగాలి. ఉంటే అక్కడితో పని అయిపోతుంది.

బయట మన కారు పేరేమిటి

షెవర్లె 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబర్‌లో చెప్పింది. ఈ బండ్లవాళ్లకే బయటి మార్కెట్ అసలు అవసరం, పేర్ల గోల కూడా వీళ్లకే ఎక్కువ.

మన ఎండీవర్ బయట ఎవరెస్ట్. థాయ్‌లాండ్‌లో తయారవుతుంది, ఆస్ట్రేలియాలోనూ తిరుగుతుంది, రెండూ కుడి స్టీరింగ్ దేశాలే. క్రూజ్, క్యాప్టివా ఆస్ట్రేలియాలో హోల్డెన్ పేరుతో అమ్మారు. ఆప్ట్రాకు బ్రిటన్‌లో లాసెట్టి అని వెతకాలి, అదీ ఇంజన్, సస్పెన్షన్ సామాను వరకే. అక్కడ హ్యాచ్‌బ్యాక్ ముఖం వేరు. మన బీట్ బయట స్పార్క్, మన స్పార్క్ బయట మాటిజ్. కాబట్టి పాత స్పార్క్‌కు అదే పేరుతో వెతికితే బీట్ పార్ట్ వచ్చి కూర్చుంటుంది. బీట్ డీజిల్ ఇంజన్ సామాను కోసం బయట తిరగడం దండగ.

మారుతిలోనూ ఇదే తంతు. రిట్జ్ యూరప్‌లో స్ప్లాష్. బ్రిటన్‌లో 2009 తర్వాత ఆల్టో అని అమ్మింది మన ఎ-స్టార్‌ను, మానేసర్ నుంచే పోయింది. బ్రిటన్ సైటులో ఆల్టో అని కొట్టి మన ఆల్టోకు ప్యాడ్లు చెప్తే ఎ-స్టార్‌వి వస్తాయి. స్కోడా లారా బయట రెండో తరం ఆక్టావియా. నిస్సాన్ మైక్రా థాయ్‌లాండ్‌లో మార్చ్.

పేరు ఒకటే ఉండి లోపల వేరైన బండ్లు ఇంకా ప్రమాదం. ఫార్చ్యూనర్ దుబాయ్‌లో కనిపించేది పెట్రోల్, మనవాళ్ల దగ్గర ఉండేది ఎక్కువగా డీజిల్. ఆ డీజిల్‌కు థాయ్‌లాండ్ దగ్గరి చుట్టం. ఇన్నోవా క్రిస్టాకు ఇండోనేషియా కిజాంగ్ ఇన్నోవా. డీజిల్ 2.4 లీటర్లది రెండుచోట్లా ఒకే కుటుంబపు ఇంజన్, పెట్రోల్ మాత్రం అక్కడ 2.0, ఇక్కడ 2.7. స్విఫ్ట్‌కు జపాన్‌లో దొరికే ఇంజన్ సామాను మన స్విఫ్ట్‌కు వస్తుందని అనుకోవద్దు, ఇంజన్ కోడ్ చూసి తీరాలి. టాటా, మహీంద్రా బండ్లకు బయటికి పోవాల్సిన పనే సాధారణంగా రాదు.

చేతికొచ్చే ధర

సైటులో కనిపించే ధర మీరు కట్టే ధర కాదు. మన కస్టమ్స్ సరుకు విలువకు రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి ఆ మొత్తం మీద సుంకం వేస్తుంది. విమానంలో వస్తే కలిపే రవాణా ఖర్చు సరుకు విలువలో 20 శాతం మించకూడదని నిబంధన ఉంది. ఇన్సూరెన్స్ తెలియకపోతే 1.125 శాతం కలుపుతారు.

బ్రేక్, సస్పెన్షన్, స్టీరింగ్, బాడీ పార్ట్స్ అన్నీ కస్టమ్స్ సరుకుల జాబితాలో 8708 అనే హెచ్ఎస్ శీర్షిక (హెచ్ఎస్ అంటే సరుకుల కోడ్) కింద వస్తాయి. దానికి మూల సుంకం 15 శాతం, ఆ సుంకం మీద 10 శాతం సంక్షేమ సర్‌ఛార్జి, మొత్తం మీద జీఎస్టీ 18 శాతం. ఆటో పార్ట్స్ జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 28 నుంచి 18కి దిగింది కాబట్టి అంతకుముందు రాసిన లెక్కలు ఇప్పుడు పనికిరావు. ఉదాహరణకు పార్ట్ 8,000 రూపాయలు, కొరియర్ 3,000 అనుకోండి. కస్టమ్స్ చూసే విలువ 8,000కు రవాణా కింద 20 శాతం లెక్కన 1,600, ఇన్సూరెన్స్ కింద 90 కలిపి 9,690. మూల సుంకం 1,453, సర్‌ఛార్జి 145, జీఎస్టీ సుమారు 2,032. వెరసి సుంకమే 3,630 రూపాయలు. క్రెడిట్ కార్డు విదేశీ మారకపు రుసుము 3.5 శాతం ఉంటే, దాని మీద జీఎస్టీతో కలిపి ఇంకో 450. అంటే 8 వేల వస్తువు 15 వేలు దాటింది. సుంకం మన తరఫున ముందే కట్టినందుకు కొరియర్ కంపెనీ తీసుకునే ఫీజు దీనికి అదనం. ఈ అంకె ముందు పెట్టుకుని షోరూం ధరతో పోల్చండి. చాలాసార్లు షోరూమే నయం అనిపిస్తుంది.

పార్ట్‌ను బట్టి శీర్షిక మారుతుంది: లైట్లు 8512, స్పార్క్ ప్లగ్గులు, ఆల్టర్నేటర్, స్టార్టర్ 8511, ఫిల్టర్లు 8421, బాల్ బేరింగులు 8482, రబ్బరు బెల్టులు 4010, ఇంజన్ లోపలి సామాను 8409. సొంత వాడకానికి తెప్పించే పార్సిల్‌ను 9804 కిందా వేస్తారు, దాని రేటు వేరు. బడ్జెట్ వచ్చినప్పుడల్లా ఈ రేట్లు కదులుతాయి. ఆర్డర్ పెట్టే రోజున కస్టమ్స్ సైటు ఐస్‌గేట్‌లో చూసుకోవాలి.

తర్వాత డబ్బాల సైజు. కొరియర్‌వాళ్లు అసలు బరువు, సైజు బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జి వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేవి కిలోలు. హెడ్‌లైట్ డబ్బా 70, 45, 40 అయితే లోపల నాలుగు కిలోల వస్తువున్నా మీరు కట్టేది 25 కిలోలకు. బంపర్ డబ్బా 160, 50, 40 అయితే 64 కిలోలు. బ్రేక్ ప్యాడ్ల డబ్బా చిన్నది, అసలు బరువే లెక్కలోకి వస్తుంది. ప్యాడ్లు, బేరింగులు, సెన్సార్లు, ఇంజెక్టర్లు విమానంలో గిట్టుబాటు అవుతాయి, బంపర్లు, డోర్లు, బానెట్లు కావు.

అమెరికా సైట్లలో ఆల్టర్నేటర్, కాలిపర్ లాంటి వాటి ధర పక్కన "కోర్" అని ఇంకో మొత్తం ఉంటుంది. మీ పాత పార్ట్ తిరిగి పంపితే ఇచ్చేసే డిపాజిట్ అది. వరంగల్ నుంచి పాత ఆల్టర్నేటర్ తిరిగి పంపడానికయ్యే ఖర్చు ఆ డిపాజిట్‌ను మింగేస్తుంది. కాబట్టి దాన్ని ధరలో కలిపేసుకునే బేరం చూడండి.

తెప్పించకూడనివి

పాత పార్ట్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గుట్టలుగా కనిపించే సెకండ్‌హ్యాండ్ ఇంజన్లు, గేర్‌బాక్సులు ఎంత చవకగా ఉన్నా, వాడిన సామాను దిగుమతికి మన దేశంలో డీజీఎఫ్‌టీ (విదేశీ వ్యాపారాన్ని చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలి. టైర్లను 2020 జూన్‌లో రెస్ట్రిక్టెడ్ జాబితాలో (అనుమతి ఉంటేనే తెప్పించేవాటిలో) చేర్చారు, వాటికి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్నది అంతకుముందు నుంచే ఉంది. కారు అద్దాలకు ఐఎస్ 2553, అల్లాయ్ వీల్స్‌కు ఐఎస్ 16192 ప్రమాణం ఉండాలి. ఈ మార్కు లేని అల్లాయ్ సెట్టు పోర్టులో చిక్కుకుంటే విడిపించే ఖర్చుకు ఇక్కడే కొత్తది వస్తుంది.

ఎయిర్‌బ్యాగులు, సీట్‌బెల్ట్ ప్రీటెన్షనర్లు ప్రమాదకర సరుకు కింద లెక్క, మామూలు కొరియర్ తీసుకోదు. ఆయిళ్లు, స్ప్రేలు అంతే. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు, డిక్కీ గ్యాస్ స్ట్రట్లు యూఎన్ 3164 అనే వర్గంలోకి రావడంతో కొన్నిసార్లు దారిలో ఆగుతాయి. వీటికి మినహాయింపు పత్రం ఇవ్వగలరా అని సెల్లర్‌ను ముందే అడగాలి. మనవాళ్లు సూట్‌కేసులో తెచ్చే పనైతే పెట్రోల్ వాసన ఉన్న ఫ్యూయల్ పంపును విమానం ఎక్కనివ్వరు, కడిగినా వాసన పోదు. సూట్‌కేసులో వచ్చేవీ ప్రయాణికుడి డ్యూటీ-ఫ్రీ పరిమితి దాటితే సుంకం పడుతుంది, బిల్లు చేతిలో ఉండాలి.

బ్లూటూత్, వైఫై ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియోలు, డాష్‌క్యామ్‌లకు డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలను చూసే కేంద్ర విభాగం) అనుమతి పత్రం అడుగుతారు. అది లేని వస్తువు ఆగితే విడిపించడం మన వల్ల కాదు. ఇవి ఇక్కడి దిగుమతిదారు దగ్గరే కొనండి. బుల్ బార్, క్రాష్ గార్డు జోలికి అసలే వెళ్లొద్దు, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. కస్టమ్స్ వదిలినంత మాత్రాన ఆర్టీఏ వదులుతుందని లెక్క కాదు.

ప్యాడ్లు, నట్లు, రిమోట్లు

చిన్న పార్ట్స్‌లో బయటి నుంచి తెప్పించడానికి బాగా పనికొచ్చేవి బ్రేక్ ప్యాడ్లు. వాటి వెనక రేకు మీద రెండు అక్షరాలుంటాయి, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో. మొదటిది చల్లగా ఉన్నప్పుడు, రెండోది వేడెక్కినప్పుడు ఉండే ఘర్షణ. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ 0.35 నుంచి 0.45, జీ 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువైతే వేడెక్కాక పట్టు తగ్గుతుందన్నమాట. ఏటూరునాగారం అడవి దారుల్లో నిండు బండితో దిగేవాళ్లు అలాంటివి వద్దనుకోవాలి. యూరప్ ప్యాడ్ల మీద 90ఆర్‌తో మొదలయ్యే ముద్ర ఉంటే, అసలు ప్యాడ్ పనితీరుకు దగ్గరగా ఉందని పరీక్ష పాసైనట్టు. ముద్ర లేని "సిరామిక్" పేరుకు డబ్బు పెట్టొద్దు.

వీల్ నట్లు చూడ్డానికి అన్నీ ఒకటే. 12 మిల్లీమీటర్ల నట్టులో మరకూ మరకూ మధ్య దూరం సుజుకీకి 1.25 మిల్లీమీటర్లు, టయోటాకు, హ్యుందాయ్‌కి 1.5. తప్పుడు నట్టు రెండు చుట్లు చేత్తో ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. పంచర్ షాపులో గన్‌తో కొడితే స్టడ్ మరలే లేచిపోతాయి. కొత్త నట్టు ఏదైనా చివరిదాకా చేత్తో తిరగాలి.

రిమోట్ తాళాలు అమెరికా, జపాన్‌లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద, మనవి 433 మీద పనిచేస్తాయి. అచ్చు ఒకేలా ఉన్నా మన బండి దాని మాట వినదు. జపాన్ స్టీరియోల ఎఫ్ఎం 76 నుంచి 95 దాకానే, మన బ్యాండ్ 88 నుంచి 108. డాష్‌క్యామ్ ఇక్కడ కొన్నా, ఎక్కడ కొన్నా, లోపల లిథియం బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ (బ్యాటరీలా కరెంటు దాచుకునే భాగం) ఉన్నదే తీసుకోండి. రామగుండం, మంచిర్యాల ఎండల్లో బయట 45 డిగ్రీలుంటే మూసిన కారులో అద్దం దగ్గర ఇంకెంతో ఊహించుకోండి, బ్యాటరీ ఉబ్బిపోతుంది.

ఆర్డర్, పార్సిల్

కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసి ఉన్నాయో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోండి, చాలా కార్డుల్లో మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. సైటు "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా" అని అడిగితే డాలర్లే ఎంచుకోండి. రూపాయలంటే వాళ్ల మారకపు రేటు మీద నెత్తిన ఇంకో మార్జిన్ పడుతుంది.

పార్సిల్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పార్సిల్ మీద ఇనీషియల్ ఉంటే కేవైసీ దగ్గర ఆగుతుంది, ఆగిన ప్రతి రోజుకూ గోడౌన్ చార్జి. రాష్ట్రాల జాబితాలో తెలంగాణ కనబడకపోతే కంగారు పడొద్దు, పిన్‌కోడ్, ఫోన్ నంబర్ సరిగా ఉంటే చేరుతుంది. ఇన్వాయిస్‌లో వస్తువు పేరు, పార్ట్ నంబర్, ఎన్ని సెట్లు, కొత్తది అన్న మాట, అసలు ధర, హెచ్ఎస్ కోడ్ ఉండేలా సెల్లర్‌కు చెప్పండి. "గిఫ్ట్" అని రాయిస్తే సుంకం పోతుందనే మాట ఇంకా తిరుగుతోంది కానీ, 5,000 రూపాయల గిఫ్ట్ వెసులుబాటు 2019 డిసెంబర్‌లోనే పోయింది. ధర తగ్గించి రాయిస్తే కస్టమ్స్ ఆ విలువను ఒప్పుకోకపోవచ్చు. పైగా వస్తువు దారిలో పగిలితే ఇన్సూరెన్స్ కూడా ఆ తగ్గించిన ధరకే వస్తుంది.

ఒకటి రెండు సెట్లు సొంత వాడకం. ఒకే ప్యాడ్ పది సెట్లు తెస్తే వ్యాపారం అంటారు, అప్పుడు ఐఈసీ (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకిచ్చే కోడ్) కావాలి. షాపువాళ్లకు ఐఈసీ తీసుకోవడం పెద్ద పని కాదు, డీజీఎఫ్‌టీ సైటులో 500 రూపాయల ఫీజు. జీఎస్టీ నంబర్ ఉంటే దిగుమతిలో కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా వస్తుంది, మూల సుంకం రాదు. సముద్రం మీద కొద్ది సరుకు తెప్పించేవాళ్లు సీఐఎఫ్ ధర (సరుకు, ఇన్సూరెన్స్, ఓడ కిరాయి కలిపి సెల్లర్ చెప్పేది) చవకగా ఉందని మురిసిపోవద్దు. అక్కడ తగ్గించిన కిరాయిని ఇక్కడ డెలివరీ ఆర్డర్ చార్జీలు, గోడౌన్ చార్జీల రూపంలో లాగుతారు. ఎఫ్ఓబీలో (ఓడ ఎక్కించేదాకా ఖర్చు సెల్లర్‌ది, ఆపైన మనది) తీసుకుని, మన ఏజెంట్ ద్వారా హైదరాబాద్ సనత్‌నగర్ డిపో దాకా మొత్తం కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. చైనా సెల్లర్లు 30 శాతం అడ్వాన్స్, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిందని ఇచ్చే రసీదు) కాపీ చూపించాక అంటారు, అది మామూలే. మధ్యలో "మా బ్యాంకు అకౌంట్ మారింది" అని మెయిల్ వస్తే మాత్రం వీడియో కాల్‌లో మనిషిని చూసేదాకా పైసా పంపొద్దు. పెద్ద బ్రాండ్ డబ్బాలో చవక సరుకు ఇస్తామంటే వద్దనండి, నకిలీ బ్రాండ్ సరుకును కస్టమ్స్ పట్టుకుని ఆపేస్తుంది. అమ్మే ప్రతి ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, దేశం, నెల, ఎంఆర్‌పీ లేబుల్ అంటించాలి, తూనికలవాళ్లు అడిగేది అదే.

పార్సిల్ వచ్చాక

డబ్బా నలిగి ఉంటే డెలివరీ షీట్ మీద ఆ మాట రాసి సంతకం పెట్టండి. సీల్ తీస్తున్నప్పటి నుంచి ఆపకుండా వీడియో తీయండి, లేబుల్ మీద నంబర్ కనబడాలి. బండి విప్పడం అన్నిటికన్నా ఆఖరు. పార్ట్ ఇంకా షార్జాలో ఉండగానే బండి విప్పి జాకీల మీద పెట్టే అలవాటు మన షెడ్డుల్లో ఉంది. పార్ట్ తేడా వస్తే బండి నెలల తరబడి అట్లాగే నిలబడుతుంది, పక్కన విప్పి పెట్టిన బోల్టులు ఎవరి బండిలోనో కలుస్తాయి. ప్యాడ్లయితే చక్రం ఒక్కటి విప్పి, వెర్నియర్‌తో పొడవు, ఎత్తు, వెనక రేకు మందం, పిన్ రంధ్రాల మధ్య దూరం కొలిచి, సరిపోయాకే రెండో చక్రం ముట్టుకోవాలి. బేరింగ్ అయితే లోపలి, బయటి వ్యాసం, వెడల్పు. ఏబీఎస్ ఉన్న బండికి బేరింగ్‌లో ఒకవైపు అయస్కాంతపు వలయం ఉంటుంది, దాన్ని తిరగేసి కొడితే ఏబీఎస్ లైటు వెలిగి కూర్చుంటుంది. ఆ వైపును పేపర్ క్లిప్‌తో పట్టి చూడొచ్చు, అంటుకుంటుంది.

తప్పు పార్ట్ వస్తే తిరిగి పంపడం గురించి మొదటే ఆలోచించొద్దు. పంపే కిరాయి మీది, కట్టిన సుంకం వెనక్కి రాబట్టడం వ్యక్తులకు అయ్యే పని కాదు. కొలతల ఫొటోలు, ఆర్డర్‌లోని నంబర్, లేబుల్ మీది నంబర్ పక్కపక్కన పెట్టి సెల్లర్‌కు రాయండి. తప్పు వాళ్లదైతే వస్తువు మీ దగ్గరే ఉంచుకొమ్మని సగమో మొత్తమో వెనక్కిచ్చే సెల్లర్లు చాలామంది ఉన్నారు. నంబర్ మీరే తప్పు ఇచ్చి ఉంటే ఆ పార్ట్‌ను అది సరిపోయే బండివాళ్ల గ్రూపులో నంబర్‌తో సహా అమ్మకానికి పెట్టండి, నంబర్ రాయకపోతే ఎవరూ కొనరు. మీ పాత పార్ట్‌ను మాత్రం కొత్తది కొన్ని వందల కిలోమీటర్లు సరిగా నడిచేదాకా స్క్రాప్‌వాడికి ఇవ్వొద్దు. దాని బ్రాకెట్, క్లిప్పులు, రబ్బరు వాషర్లు కొత్త డబ్బాలో రాకపోవడం మామూలు.